తలూపితే రికార్డులోకి ఎక్కదు

వ్యాను ఇంకా రాలేదు. హైవే మీద మంచు గడ్డకట్టిందట, ఖైదీని తెస్తున్న మార్షల్సు ఉప్పు చల్లే లారీ వెనక పడి నత్తనడక నడుస్తున్నారట, క్లర్కు వెర్నా వచ్చి చెప్పి వెళ్ళింది. జడ్జి ఆర్లన్ జెలెంకా అప్పటికే నల్ల గౌను తొడుక్కుని కూచున్నాడు. మామూలుగా అయితే కోర్టు హాలు తలుపు దగ్గరికి వెళ్ళాకే తొడుక్కుంటాడు. ఇవాళ ఛాంబర్లోకి రాగానే కోటు విప్పి కొక్కేనికి తగిలించి, అదే చేత్తో గౌను తీసి వేసుకున్నాడు, వేసుకున్న సంగతి బల్ల ముందు కూచున్నాక గాని తెలియలేదు. విప్పవచ్చు. విప్పలేదు. బల్ల మీద కాఫీ, కాఫీ పక్కన ఒక కాగితం, కాగితం మీద ఒక అంకె. పన్నెండు. పన్నెండేళ్ళు. వెండెల్ టాకెట్ అనే లారీ డ్రైవరుకి, దుంగల కింద మత్తుమందు పెట్టుకుని రాష్ట్రం దాటించినందుకు, పోయినేడు తను వేసిన శిక్ష. ఇవాళ మళ్ళీ వెయ్యాలి. అంకె తప్పని పైకోర్టు అనలేదు, అసలు అంకె సంగతే ఎత్తలేదు. శిక్ష వేసే ముందు ఏ ఫెడరల్ జడ్జి అయినా ముద్దాయి మొహంలోకి చూసి ఒక్క ప్రశ్న అడగాలి, నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా అని. జడ్జి జెలెంకా అడగలేదు. కాబట్టి ఆ శిక్ష చెల్లదు, మనిషిని వెనక్కి పిలిపించి, అడిగి, విని, అప్పుడు వెయ్యండి అని ముగ్గురు జడ్జిలు కలిసి రాశారు. మర్యాదగానే రాశారు.

మరుపు అన్నారు అందరూ. వయసు మీద పడింది, భార్య పోయి ఎంతో కాలం కాలేదు, ఎంత పెద్ద జడ్జి అయినా మనిషే కదా అని కారిడార్లో ప్లీడర్లు జాలిపడ్డారు. వాళ్ళ జాలి గోడల మీది తడిలాగా ఛాంబర్లోకి కూడా దిగింది. ఆయనకి కోపం రాలేదు, సిగ్గు కూడా వెయ్యలేదు, ఈ మధ్య ఏది వచ్చినా గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది. కాని మరుపు కాదని ఆయనకి తెలుసు. ఆ రోజు టాకెట్ ఎడమవైపు బల్ల దగ్గర నిలబడ్డాడు, ముద్దాయిలంతా అటే నిలబడతారు, కట్టడం అలా కట్టారు. మైకు వాడి ప్లీడరు ముందుంది. ప్లీడరు మాట్లాడి కూచున్నాక టాకెట్ తలెత్తి ఏదో అన్నాడు. పెదాలు కదలడం కనబడింది. జడ్జి తలూపాడు. ఊపి, కళ్ళజోడు సర్దుకుని, శిక్ష చదివాడు. వాడు ఏమన్నాడో నెలల తర్వాత, పైకోర్టు పంపిన కాగితాల్లో చదివాక తెలిసింది. ముద్దాయి: సార్, నేనొక్క మాట చెప్పొచ్చా. కోర్టు: ముద్దాయికి పన్నెండేళ్ళ జైలు. ఆ రెండు వరసల మధ్య ఒక తలూపు ఉంది, అది కాగితం మీద లేదు. కాగితం మీద చూస్తే మనిషి దేబిరిస్తుంటే పెడచెవిని పెట్టి శిక్ష కొట్టినట్టే ఉంది. పైకోర్టు అంతకన్నా ఏమనుకుంటుంది, కాగితమే కదా వాళ్ళ ముందుకు వెళ్ళేది.

తలూపితే రికార్డులోకి ఎక్కదు. ఈ మాట తను సాక్షులకి ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. బోనెక్కిన ప్రతివాడూ భయంతో తలూపుతాడు, ప్లీడరు అడిగినదానికి అవునని ఊపుతాడు, కాదని ఊపుతాడు, స్టెనో వేళ్ళు గాల్లో ఆగిపోతాయి, అప్పుడు బెంచి మీద నుంచి తను, నోటితో చెప్పండమ్మా, నోటితో చెప్పు బాబూ, తలూపితే రికార్డులోకి ఎక్కదు. నవ్వుతూ చెప్పేవాడు. ఒకసారి పశువుల డాక్టరొకాయన, మా గుర్రాలకి ఇదే చాలండి అన్నాడు, హాలంతా నవ్వింది, తనూ నవ్వాడు. ఎప్పటి సంగతి అది. కిటికీ అవతల జెండా కర్రకి మంచు పట్టి తాడు కొయ్యలా బిగుసుకుంది. జెండా కదలడం లేదు. కాఫీ చల్లారిపోయింది, తాగాడు, చల్లారిన సంగతి తాగినాక తెలిసింది.

నిన్న సాయంత్రం చీఫ్ జడ్జి మార్గరీట్ స్ట్రౌడ్ వచ్చి ఆ ఎదుటి కుర్చీలో కూచుంది. తనకన్నా చాలా చిన్నది, తన ముందే ప్లీడరుగా కాళ్ళు వణికిన మనిషి, ఇప్పుడు తనకి పైన. మంచిదే. మంచిది కాబట్టే వచ్చింది.

"ఆర్లన్, రేపటి పని నన్ను తీసుకోమంటారా? మొహమాటం వద్దు."

"నా కేసు నేనే చూసుకుంటాను."

"సరే, అయితే దాన్ని పెద్దది చేసుకోకండి. అడగండి, వాణ్ణి నాలుగు ముక్కలు చెప్పనివ్వండి, తలూపండి, పాత అంకె చదివెయ్యండి. పైవాళ్ళకి కావలసింది ప్రశ్న, జవాబు కాదు. అంతా కలిపి కాఫీ తాగినంత సేపు. రిపీట్, అంతే."

రిపీట్. ఆమె లేచి వెళ్ళిపోయినా ఆ మాట కుర్చీలో కూచునే ఉంది. ఆమెకి తెలియదు పాపం, ఆమె పట్టాళంలో చెయ్యలేదు. ఫిరంగులవాళ్ళ దగ్గర ఆ మాట ఎవడూ ఊరికే అనడు. ఫోర్ట్ సిల్‌లో, ఫిరంగుల శిక్షణ శిబిరంలో, ఎర్రమట్టి గాలిలో ఎగురుతుంటే, మొదటి రోజు సార్జెంటు బల్ల గుద్ది నేర్పించింది అదే, రేడియోలో ఎదుటివాడి మాట వినబడకపోతే మళ్ళీ చెప్పు అనండి, ఇంకోసారి చెప్పు అనండి, మీ ఇష్టమొచ్చినట్టు ఏడవండి, కాని ఛస్తే రిపీట్ అనకండిరా. రిపీట్ అంటే ఇందాక ఎక్కడ ఎన్ని గుండ్లు వేశామో అక్కడే అన్నీ మళ్ళీ వెయ్యమని ఆర్డరు. మీ పెళ్ళాల దగ్గర కూడా అనకండి, నోటికి అలవాటైపోతుంది. అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో లెఫ్టినెంట్ జెలెంకా ఒకడు, గోధుమ చేలల్లో పెరిగిన, చెక్ దేశం నుంచి వలసొచ్చినవాళ్ళ పిల్లవాడు, ఇంట్లో ముత్తవ్వ భాషలో తిట్లు మాత్రమే వచ్చు. వియత్నాం నుంచి వచ్చాక ఆ మాట ఆయన మళ్ళీ జీవితంలో అనలేదు. రెస్టారెంట్లో అనలేదు, కోర్టులో అనలేదు. కొత్తగా ఈ దేశపు పౌరులయ్యేవాళ్ళ చేత ప్రమాణం చేయించేటప్పుడు మిగతా జడ్జిలంతా రిపీట్ ఆఫ్టర్ మీ అంటారు, తను మాత్రం, నేను చెప్పినట్టు చెప్పండి అంటాడు, ఎందుకలా అంటాడో ఎవరూ అడగలేదు.

వియత్నాంలో కొండ మీద ఇసుకబస్తాల గదిలో ఆయన పని లెక్కలు కట్టడం. ఎదుటి గుట్ట మీద నుంచి ఒక కుర్ర ఆఫీసరు, జార్జియావాడు, కొత్తగా వచ్చాడు, ఎక్కడ పడాలో రేడియోలో చెబుతాడు, తను కోణం కట్టి ఫిరంగులకి చెబుతాడు. మధ్యాహ్నం, అందరికీ కునుకు పట్టే వేళ. ఒక విడత కాల్చారు, అయిపోయింది, ఎక్కడ పడ్డాయని తను అడిగాడు, రేడియోలో గరగర. అవతలి నుంచి వాడు, రిపీట్? అన్నాడు. చివర సాగదీసి. వినబడలేదు, ఏమన్నారు అని అడిగే మనిషి గొంతు అది, పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. తనకి తెలిసింది. కాని మాట మాటే. ఆర్డరు ఆర్డరే. తను ఫిరంగులకి రిపీట్ అన్నాడు, ఆరు గుండ్లు వెళ్ళి అదే చోట పడ్డాయి. అక్కడ మనుషులెవరూ లేరు. ఒక గేదె ఉంది. మర్నాడు ముళ్ళకంచె దగ్గరికి ఒక రైతు వచ్చాడు, చేతిలో పలుపుతాడు, గేదె లేదు, తాడు మాత్రం ఉంది. కంచె అవతల నిలబడి చాలాసేపు మాట్లాడాడు. అరవలేదు, ఏడవలేదు. ఏదో లెక్క ఒప్పజెబుతున్నట్టు ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పాడు. లెఫ్టినెంట్ జెలెంకాకి ఒక్క ముక్క అర్థం కాలేదు, తలూపాడు. రైతు ఆగి, తనూ తలూపి, తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రైతు ఏమడిగాడో, తను దేనికి ఒప్పుకున్నాడో. ఎవరూ తనని ఏమీ అనలేదు, పై ఆఫీసరు భుజం తట్టాడు, రూలు ప్రకారం చేశావన్నాడు. రూలు ప్రకారమే చేశాడు మరి.

చెవి అక్కడే పోయింది. కుడిచెవికి ఎప్పుడూ రేడియో ఫోను ఆనించి ఉండేది కాబట్టి అది బతికింది, ఎడమది ఫిరంగులకి వదిలేశాడు. ఇంటికొచ్చి సర్కారు ఖర్చుతో లా చదివాడు, మళ్ళీ యూనిఫాం వేసుకుని సైనిక కోర్టుల్లో వాదించి కర్నల్ అయ్యాడు, తర్వాత జిల్లా ప్రాసిక్యూటరు, తర్వాత రాష్ట్ర జడ్జి, ఎక్కడికి వెళ్ళినా నడుం నిటారుగా, బూట్లు తళతళా, అదే ఆయన పేరు. ఫెడరల్ జడ్జి పదవి కోసం వాషింగ్టన్లో సెనేటర్ల ముందు కూచున్న రోజు గుర్తుంది, నున్నటి బల్ల, నీళ్ళ గ్లాసు, వెనక వరసలో భార్య రోజలీ నీలం గౌనులో. ఒక సెనేటరు, లావుపాటాయన, కళ్ళజోడు మీద నుంచి చూస్తూ, కర్నల్ జెలెంకా, పట్టాళంలో ఆర్డర్లు తీసుకున్నారు, జడ్జి అయ్యాక ఎవరి ఆర్డర్లు తీసుకుంటారు అని అడిగాడు. రాసి ఉన్న మాటవి, సెనేటర్, అన్నాడు తను. మాట మాటే. హాల్లో మెచ్చుకోలుగా గుసగుసలు. ఊరి పేపర్లో అదే పెద్ద అక్షరాలతో వేశారు, వాళ్ళ నాన్న దాన్ని కత్తిరించి ట్రాక్టరు షెడ్డులో అంటించాడు. ఫెడరల్ జడ్జికి రిటైర్మెంటు లేదు, బతికున్నంతకాలం ఆ కుర్చీ అతనిదే, ఎవరూ లెమ్మనలేరు. ఆ సెనేటరు కుడివైపు కూచున్నాడు కాబట్టి సరిపోయింది, ఎడమవైపు కూచుని ఉంటే ఆ జవాబు వచ్చేదే కాదు.

తలుపు తీసుకుని వెర్నా వచ్చింది. వెర్నా ప్రూయిట్, కోర్టు క్లర్కు, ఆయన ఈ కోర్టుకి వచ్చిన నాటి నుంచి ఉంది, ఆయన కన్నా ముందు లేస్తుంది, ఆయన కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

"వ్యాను వంతెన దాటింది జడ్జిగారూ. ఆ గౌనులో రాత్రి పడుకున్నారా ఏమిటి?"

"చలిగా ఉంటే వేసుకున్నాను."

"హీటరు పక్కనే కూచుని చలేమిటండీ. కాఫీ పారబోసి వేడిది తెస్తానుండండి. ఆ అమ్మాయి ప్లీడరు కింద అటూ ఇటూ పచార్లు చేస్తోంది, కాలు కాలిన పిల్లిలాగా. ప్రాసిక్యూటరేమో అప్పుడే మధ్యాహ్నం భోజనం ఎక్కడని అడుగుతున్నాడు. అంత నమ్మకం మీ మీద."

నవ్వాల్సిన చోట నవ్వాడు. కప్పు తీసుకోవడానికి ఆమె బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చింది. ఎడమవైపు నుంచి అయితే ఒక్క అడుగు. ఎప్పుడూ అంతే, తిరిగే వస్తుంది, ఇన్నేళ్ళుగా కుడివైపే నిలబడి మాట్లాడుతుంది. ఇవాళ మొదటిసారి ఆ సంగతి గమనించాడు. అంటే ఈమెకి తెలుసా. తెలిసీ నోరు మెదపలేదా. అడుగుదామనుకున్నాడు, అప్పటికే తలుపు మూసుకుంది. తెలిస్తే తెలిసిందిలే అనుకున్నాడు. చెయ్యి చూసుకున్నాడు, గౌను చేతిలోంచి బయటికి వచ్చిన చెయ్యి, మచ్చలు పడ్డ చెయ్యి, అది ఇంకెవరిదో వచ్చి తన బల్ల మీద పెట్టినట్టు ఉంది.

రోజలీకి తెలుసు. ప్రపంచంలో ఆమె ఒక్కత్తెకే తెలుసు అనుకునేవాడు. పెళ్ళైన కొత్తలో బల్ల దగ్గర ఎడమవైపు కూచుని ఏదో ముచ్చట చెప్పి, జవాబు రాకపోతే మొదట అలిగింది, తర్వాత కుర్చీ ఎత్తుకుని ఇటువైపు వచ్చేసింది, ఏమయ్యా చెవిటి దొరా, ఈ పక్క బతికే ఉందా అంటూ. అప్పటి నుంచి సినిమా హాల్లో, చర్చిలో, కార్లో, అన్నిచోట్లా ఆమెది కుడిపక్కే, ఈ దేశపు కార్లలో డ్రైవరు సీటు ఎడమపక్క, అందుకే కారు ఆయనే నడిపేవాడు. చెవి మిషను పెట్టించుకో అని పోరేది. తను ఒప్పుకోలేదు. జడ్జికి చెవుడని తెలిస్తే ప్లీడర్లు ఊరుకుంటారా, ఓడిపోయిన ప్రతివాడూ మా సాక్షి చెప్పింది ఈయనకి వినబడలేదని పైకోర్టుకి పరిగెత్తడూ. ఆమె వినలేదు, మిషను కొనుక్కొచ్చింది, అది డ్రాయరులో మేజోళ్ళ కింద పడుంది. పౌరసత్వం ప్రమాణాల రోజున మాత్రం ఆమె పెందలాడే లేచి కొలాచీలని చెక్కువాళ్ళ తీపి బన్నులు, ఆల్బుఖరావి, గసగసాలవి, రెండు ట్రేల నిండా కాల్చి కోర్టుకి మోసుకొచ్చేది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం, కొత్త బట్టల్లో, కుడిచెయ్యి ఎత్తి, ఆయన వెనకాలే ఒక్కొక్క ముక్కా అనేవాళ్ళు, అందరి గొంతులూ కలిసి ఒక్క గొంతయ్యేవి. అది మాత్రం బాగా వినబడేది. జడ్జి పనిలో ఎవరినీ ఎక్కడికీ పంపించక్కరలేని రోజు అదొక్కటే, ఆర్లన్, ఆ రోజు నీ మొహం వెలుగుతుంది అనేది. ఆమె పోయాక వెర్నా షాపులో బిస్కెట్లు కొని పెడుతోంది. ఎవరూ ఏమీ అనరు, తింటారు.

ఆస్పత్రిలో మంచానికి ఎడమవైపు గోడ, అటు మిషన్లు, తను కూచోవడానికి ఒక్కటే చోటు మిగిలింది, అక్కడ కూచుంటే ఆమె తన ఎడమకి వస్తుంది. మెడ తిప్పి కూచునేవాడు, మెడ లాగేది, మళ్ళీ మామూలుగా కూచునేవాడు. ఆ సాయంత్రం ఆమె కళ్ళు తెరిచి చూసింది. ఏదో అంది. చిన్న మాట కాదు, కాస్త పొడుగు మాటే, చివర అడిగినట్టు కనుబొమలు లేచాయి. తను తలూపాడు. ఆమె చెయ్యి నొక్కి కళ్ళు మూసుకుంది, మరి తెరవలేదు. ఏమడిగిందో. దేనికి సరేనన్నాడో. పొలంలో పాతిపెట్టమందా, చెల్లెలికి ఏమైనా ఇమ్మందా, లేక ఊరికే, తిన్నావా అందా. టాకెట్ ఏమన్నాడో రాసుకోవడానికి స్టెనో ఉంది, ఎంత ఆలస్యమైనా చదువుకుని తెలుసుకున్నాడు. రోజలీ అన్నది రాసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. మిషన్ల మీద ఆకుపచ్చ గీతలు తప్ప. ఆయన మరుసటి వారం కోర్టుకి వచ్చేశాడు, గౌను వేసుకున్నాడు, అందరూ లేచారు, కూచున్నారు. బాధ వెయ్యలేదు. బాధ వెయ్యలేదని బాధ కూడా వెయ్యలేదు. అప్పటి నుంచి అలాగే ఉంది, పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉన్నట్టు, నొక్కితే ఉందని తెలుస్తుంది, అంతే.

బల్ల మీద అంకె. పన్నెండు. ఎంత సులువు. అడగాలి, వాడి పెదాలు కదులుతాయి, ఆగుతాయి, తలూపాలి, చదవాలి. అదే గుట్ట, అవే గుండ్లు. ఈసారి ప్రశ్న కాగితం మీదికి ఎక్కుతుంది, పైకోర్టుకి అంతకన్నా అక్కరలేదు. వినబడలేదంటే మాత్రం, ఆ ఒక్క ముక్క అన్నాడంటే, ఇన్నేళ్ళ తీర్పులు, అన్నీ, ఒక్కొక్కటే గోతుల్లోంచి లేచి వస్తాయి, అప్పుడు నా మాట విన్నారా, మరి అప్పుడు నాది విన్నారా అంటూ. స్ట్రౌడ్ మళ్ళీ ఆ కుర్చీలో కూచుంటుంది, ఈసారి ఇంకా మర్యాదగా మాట్లాడుతుంది. లెమ్మనే హక్కు ఎవరికీ లేకపోయినా తనే లేచిపోవాల్సి వస్తుంది, కుర్చీ పోతుంది. కుర్చీ పోతే ఇంటికి వెళ్ళాలి. ఇంట్లో ఏముంది. అయినా వాడు చెప్పేది ఏముంటుంది, అందరూ చెప్పేదే, తప్పయింది, పిల్లలున్నారు, దేవుడికి దగ్గరయ్యాను. విన్నా వినకపోయినా అంకె అదే కదా. అదే కదా అనుకున్నాడు రెండోసారి. కిటికీ కింద వ్యాను తలుపు పడిన చప్పుడు, కుడిచెవికి, సన్నగా వినబడింది.

"అందరూ లేవండి," వెర్నా గొంతు. లేచారు. మెట్లెక్కి కూచున్నాడు. కాగితం ముందు పెట్టుకున్నాడు. టాకెట్ చిక్కిపోయాడు, జైలు చొక్కా భుజాల మీద నుంచి జారుతోంది, ఎడమవైపు బల్ల, అదే చోటు, ప్లీడరు కొత్త అమ్మాయి, మైకు ఆమె ముందే ఉంది. ఆమె మాట్లాడింది. ప్రాసిక్యూటరు లేచి, పాత శిక్షే న్యాయమైనది, మార్చడానికి కారణమేమీ కనబడటం లేదు అని కూచున్నాడు, గడియారం చూసుకున్నాడు. జడ్జి టాకెట్ మొహంలోకి చూశాడు. అడిగాడు. అక్షరం పొల్లుపోకుండా, స్పష్టంగా, హాలు చివర దాకా వినబడేట్టు అడిగాడు. శిక్ష వేసే ముందు నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా. స్టెనో వేళ్ళు కదిలాయి, ప్రశ్న ఎక్కింది. పని సగం అయిపోయింది.

టాకెట్ బల్ల వంక చూస్తూ ఏదో అన్నాడు. కొద్ది మాటలే. దూరాన ఎవరో బరువైన సామాను జరిపినట్టు ఒక మోత, అంతే, ఆ మోతలో మాటలు లేవు. ఆగాడు. తలెత్తి చూశాడు. హాలంతా జడ్జి వంక చూస్తోంది. మెడ తనంతట తనే మొదలుపెట్టింది. గడ్డం కొద్దిగా కిందికి దిగింది కూడా, దిగుతుంటే తెలుస్తోంది, ఆపాలని ఏమీ అనిపించలేదు, కళ్ళు మాత్రం టాకెట్ కనుబొమల మీద ఉన్నాయి. అవి లేచి ఉన్నాయి. చివర సాగదీసి అడిగే మనిషి మొహం. గుట్ట మీది గొంతు. అప్పుడు తెలిసింది కదా. వాడు కాల్చమనడం లేదని తెలిసి కూడా. ఆకుపచ్చ గీతల పక్కన లేచిన కనుబొమలు. గడ్డం దిగిన చోటే ఆగింది.

"మిస్టర్ టాకెట్, నువ్వు చెప్పింది నాకు వినబడలేదు."

ప్లీడరు అమ్మాయి గబగబా మైకు వాడి ముందుకి జరపబోయింది.

"మైకు కాదమ్మా. నాకు ఎడమచెవి వినబడదు. పట్టాళం నాటి నుంచీ అంతే. పోయినసారి కూడా ఇతను అన్నది నాకు వినబడలేదు. వినబడకుండానే తలూపాను. స్టెనోగారూ, ఇదంతా రాయండి."

ప్రాసిక్యూటరు చేతిలో పెన్ను ఆగిపోయింది. స్టెనోలు ఎప్పుడూ తలెత్తి చూడరు, ఈమె చూసింది, చూసి మళ్ళీ మీటల మీదికి వంగింది. వెర్నా మాత్రం ఏమీ ఎరగనట్టు ఫైలు సర్దుకుంటోంది. గుండె కొట్టుకోవడం గౌను కింద తెలుస్తోంది. అది కొట్టుకుంటోందని తెలిసి ఎన్నాళ్ళయిందో.

"అతన్ని ఇటు తీసుకురండి. సాక్షి నిలబడే చోటికి, నా కుడివైపుకి."

"సార్, కాళ్ళకి గొలుసులున్నాయి," అన్నాడు మార్షల్.

"గొలుసులతోనే నడవనివ్వు. నాకేం తొందర లేదు."

గొలుసు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. మొదట ఏమీ లేదు, తర్వాత సన్నగా, తర్వాత ప్రతి లంకె విడివిడిగా. టాకెట్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బుగ్గ మీద గీసుకోని గడ్డం, ఎడమ కంటి కింద చిన్న గాటు, మనిషి నుంచి జైలు సబ్బు వాసన. జడ్జి కుర్చీ పూర్తిగా ఇటు తిప్పాడు, ఇంట్లో బల్ల దగ్గర తిప్పుకునేవాడే, అలాగ.

"మళ్ళీ చెప్పు."

"పెద్దగా ఏం లేదు సార్." గొంతు బొంగురుగా ఉంది, వినబడుతోంది. "పోయినసారి అయితే ఒకటి అడుగుదామనుకున్నాను. ఈ దగ్గర్లో జైలుకి పంపమని జడ్జి ఒక్క ముక్క రాస్తే పంపుతారని లోపల అన్నారు. మా అమ్మకి కళ్ళు ఆనవు, బస్సులో అంతంత దూరం రాలేదు. ఒక్క మాట చెప్పొచ్చా అంటే మీరు తలూపారు. సరే, పిలుస్తారులే అని నిలబడ్డాను. మీరు చదివేసి లేచిపోయారు. నన్నేమో అయిదు రాష్ట్రాల అవతల పడేశారు."

"ఇప్పుడు రాస్తాను."

"అదే సార్ ఇందాక చెప్పింది. అక్కర్లేదన్నాను. అక్టోబర్లో పోయింది మా అమ్మ. ఇంక మీరు ఎక్కడికి పంపినా నాకు ఒకటే అన్నాను."

తలూపి ఉంటే దీనికి ఊపేవాడు. ఒకటే అన్నదానికి సరేనని. జడ్జి జెలెంకాకి నొప్పి తెలిసింది. ఎక్కడని చెప్పలేడు, గుండెలోనో, దవడలోనో, ఎన్నాళ్ళో మూసి ఉన్న చోట ఎక్కడో, కాని నొప్పే, సందేహం లేదు. కళ్ళు మండాయి. ముందున్న కాగితం తీసి బోర్లించాడు, పన్నెండు అటు తిరిగిపోయింది. ప్రాసిక్యూటరు లేవబోతే చెయ్యి ఎత్తి కూచోమన్నాడు.

"ఆ అంకె నేను ఇవాళ చదవను. పాతది చెల్లదన్నారు, చెల్లదు. ఇతను చెప్పవలసినదంతా చెప్పాక కొత్తగా ఆలోచిస్తాను. నేను ఆలోచించడం తగదని మీలో ఎవరికైనా అనిపిస్తే, ఇంకొక జడ్జిని అడగండి, నేను అడ్డుచెప్పను. మీ అమ్మ పేరేమిటి, వెండెల్?"

"లొరీన్ సార్." టాకెట్ జారుతున్న చొక్కా భుజం మీదికి లాక్కున్నాడు. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది వాడికి, తెలియకపోతే తర్వాతి మాట ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ముందుకి వంగాడు. "ఈసారి విన్నారా సార్?"

మెడ మళ్ళీ మొదలుపెట్టింది. ఆపాడు.

"విన్నాను," అన్నాడు, నోటితో.

స్టెనో మీట నొక్కింది. ఎక్కింది.